ఊపిరితిత్తుల ఎమ్మారై: పీల్చిన గాలి బొమ్మని ఎంతవరకు నమ్మొచ్చు?

2021 వేసవిలో మనందరికీ కొత్తగా ఒక లెక్క అలవాటైంది. "స్కోరెంత? పాతిక్కి ఎనిమిదా? పర్లేదులే" అని ఫోన్లలో చెప్పుకునేవాళ్ళం. అంతకు ముందు సీటీ స్కాన్ అంటే ఏంటో తెలియనివాళ్ళు కూడా ఊపిరితిత్తుల బొమ్మలు వాట్సాప్‌లో పంపుకున్నారు. ఆ హడావిడిలో నాకో సందేహం వచ్చింది. మోకాలు నొప్పంటే ఎమ్మారై, నడుం నొప్పంటే ఎమ్మారై, తల తిరుగుతోందంటే ఎమ్మారై రాస్తారు కదా, ఊపిరితిత్తులకి మాత్రం ఎప్పుడూ సీటీయే ఎందుకు? ఎమ్మారైలో రేడియేషన్ గొడవ కూడా లేదాయె.

కొంచెం తవ్వితే అరవై ఏళ్ళ కథ బయటపడింది. అణుబాంబులు, టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్, మత్తుమందు, సెప్టెంబరు 11 దాడులు... అన్నీ ఉన్నాయి ఇందులో. ఐతే నన్ను పట్టుకున్నది వేరే విషయం. "ఈ బొమ్మని నమ్మొచ్చా?" అనే ఒకే ఒక్క ప్రశ్న ఆ కథ పొడుగునా ఉంది. పదేళ్ళకోసారి దాని అర్థం మారిపోతూ వచ్చింది.

ముందు సందేహానికి జవాబు. ఎమ్మారై మెషీను ముఖ్యంగా చూసేది మన ఒంట్లోని నీటిలో ఉండే హైడ్రోజన్ని. ఊపిరితిత్తుల్లో గాలి ఎక్కువ, నీరు తక్కువ. పైగా గాలి, కండ పక్కపక్కనే ఉండే కోట్లాది గోడల వల్ల అక్కడ అయస్కాంత క్షేత్రం గజిబిజిగా ఉంటుంది. వచ్చే కాస్త సిగ్నలూ ఒకటి రెండు మిల్లీసెకన్లలో ఆరిపోతుంది. అందుకే ఛాతీ ఎమ్మారైలో గుండె చక్కగా కనిపిస్తుంది, దానికి రెండు వైపులా రెండు నల్లటి గుహలు కనిపిస్తాయి.

సరే, గాలి బదులు ఎమ్మారైకి కనిపించే వాయువు ఏదైనా పీల్పిస్తే? ఇక్కడ ఒక చిక్కుంది. ఎమ్మారై సిగ్నల్ అనేది మెజారిటీ లెక్క. 1.5 టెస్లా మెషీనులో పది లక్షల హైడ్రోజన్ కేంద్రకాలు ఓటేశాయనుకోండి. గెలిచిన పార్టీకి వచ్చే మెజారిటీ దాదాపు ఐదు ఓట్లు! మిగతావన్నీ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. నీటిలో కేంద్రకాలు కిక్కిరిసి ఉంటాయి కాబట్టి ఆ ఐదు ఓట్లతోనే బండి నడిచిపోతుంది. వాయువులో అంత జనాభా ఎక్కడిది? నీటితో పోలిస్తే వెయ్యో వంతు కూడా ఉండదు. కాబట్టి ఎన్నికని రిగ్గింగ్ చెయ్యాలి :-) ఐదు ఓట్ల మెజారిటీని ఏకంగా రెండు మూడు లక్షలు చెయ్యాలి. దానికి పెట్టిన మర్యాదైన పేరు హైపర్‌పోలరైజేషన్.

ఈ రిగ్గింగ్ ఎలా చెయ్యాలో కనిపెట్టినవాళ్ళకి ఊపిరితిత్తుల ధ్యాసే లేదు. కాంతితో పరమాణువులని ఒకే దిక్కుకి తిప్పొచ్చని 1950 ప్రాంతంలో పారిస్‌లో ఆల్ఫ్రెడ్ కాస్లర్ చెప్పాడు. దానికే 1966లో ఆయనకి నోబెల్ వచ్చింది. 1960లో బూషియా, కార్వర్, వార్నమ్ అనే ముగ్గురు రుబిడియం ఆవిరి మీద కాంతి పడేసి, ఆ రుబిడియం గుద్దుకున్న హీలియం-3 కేంద్రకాలు కూడా కొంచెం ఒక పక్కకి తిరుగుతున్నాయని చూపించారు. 1963లో ఇంకో పద్ధతి కనిపెట్టినవాళ్ళు పని చేసింది ఎక్కడో తెలుసా? టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్‌లో. మన కాలేజీ ల్యాబుల్లో చిప్పుల మీద కనిపించే ఆ కంపెనీయే. ఆ తర్వాత ముప్ఫై ఏళ్ళు ఇదంతా భౌతికశాస్త్రం వాళ్ళ సొంత వ్యవహారంగానే ఉండిపోయింది. 1992లో స్టాన్‌ఫోర్డ్ యాక్సిలరేటర్‌లో న్యూట్రాన్ లోపలి స్పిన్ కొలవడానికి ఇలాంటి హీలియం-3నే టార్గెట్‌గా వాడారు. డాక్టర్లకి ఈ సంగతులు తెలిసే దారే లేదు.

రెండు లోకాలు కలిసింది 1994లో. స్టోనీ బ్రూక్ యూనివర్సిటీలో మిచెల్ ఆల్బర్ట్, ఆర్నాల్డ్ విష్నియా జెనాన్‌తో జీవకణజాలాల బొమ్మలు తియ్యాలనుకున్నారు. జెనాన్‌ని పోలరైజ్ చేసే విద్యేమో ప్రిన్స్‌టన్‌లో విలియం హ్యాపర్, గోర్డన్ కేట్స్ బృందం చేతిలో ఉంది. ఇద్దరూ కలిసి ఎలుక నుంచి తీసిన ఊపిరితిత్తుల్ని పోలరైజ్ చేసిన జెనాన్‌తో నింపి బొమ్మ తీశారు. ఆ ఏడాది జులైలో నేచర్‌లో వచ్చింది. రెండేళ్ళకే, 1996లో, అమెరికాలో డ్యూక్ వాళ్ళు, జర్మనీలో మైంజ్ వాళ్ళు విడివిడిగా మనుషుల ఊపిరితిత్తుల్ని హీలియం-3తో తీసి చూపించారు. అంతవరకు నల్ల గుహలుగా ఉన్నచోట తెల్లగా, నిండుగా గాలి కనిపించింది. ఉబ్బసం ఉన్నవాళ్ళలోనూ, పొగ తాగేవాళ్ళలోనూ ఆ తెలుపు మధ్యలో ముక్కలు ముక్కలుగా నల్ల మచ్చలు.

ఇక్కడ మొదలైంది అసలు తగువు. ఆ నల్ల మచ్చ నిజంగా గాలి చేరని చోటా, లేక మెషీను చేసిన మోసమా?

ఈ అనుమానం ఉత్తినే వచ్చింది కాదు. మామూలు ఎమ్మారైలో సిగ్నల్ నెలజీతం లాంటిది. ఖర్చు పెట్టేసినా కాసేపాగితే మళ్ళీ వస్తుంది, ఎన్నిసార్లైనా కొలవచ్చు. పోలరైజ్ చేసిన వాయువు సిగ్నల్ మాత్రం ఒక్కసారి చేతికొచ్చిన బోనస్. కొలవడానికి కొట్టే ప్రతి రేడియో పల్సూ అందులోంచి కొంత తినేస్తుంది, మళ్ళీ పుట్టదు. పాతకాలం కోర్ మెమరీ గుర్తుందా (పుస్తకాల్లో చదివినదే లెండి)? చదివితే చెరిగిపోయేది. ఇదీ అంతే. చాలదన్నట్టు ఊపిరితిత్తుల్లో ఉండే ఆక్సిజన్ కూడా దీన్ని కరిగించేస్తుంది. సంచిలో ఉంటే గంటసేపు నిలబడే పోలరైజేషన్, ఒంట్లోకి వెళ్ళాక ఇరవై సెకన్లలో చాలావరకు పోతుంది. రోగి ఊపిరి బిగబట్టేది పది, పదిహేను సెకన్లు. ఆ పూట బొమ్మ సరిగ్గా రాకపోతే మళ్ళీ వాయువు తయారు చేసుకోవాల్సిందే.

కాబట్టి ఒక చోట నల్లగా ఉందంటే కారణాలు చాలా ఉండొచ్చు. గాలి చేరలేదేమో. ఛాతీకి చుట్టిన కాయిల్ అక్కడ బలహీనంగా ఉందేమో. అక్కడి పల్సులు ఎక్కువ తగిలి సిగ్నల్ ముందే ఖర్చైపోయిందేమో. రోగి మొన్న లీటరు పీల్చి ఇవాళ ముప్పావు లీటరే పీల్చాడేమో. వెల్లకిలా పడుకుంటే ఊపిరితిత్తి బరువుకి వీపు వైపు భాగం నొక్కుకుంటుంది, ఆ లెక్క వేరు. వీటిలో ఏ ఒక్కటి జరిగినా ఆరోగ్యవంతుడి ఛాతీలో కూడా మచ్చ పుట్టించొచ్చు.

దీనికి నాకు బాగా నచ్చిన జవాబు వర్జీనియా యూనివర్సిటీ నుంచి వచ్చింది. ఎడ్వర్డ్ డి లాంగే బృందం ఉబ్బసం ఉన్నవాళ్ళకే రోజుల తేడాతో, వారాల తేడాతో మళ్ళీ మళ్ళీ హీలియం స్కాన్లు తీసి 2007లో ప్రచురించారు. మచ్చల్లో చాలా భాగం మళ్ళీ అదే చోట కనిపించాయి. మనకి తెలిసిన భాషలో చెప్పాలంటే బగ్ రీప్రొడ్యూస్ అయింది. మెషీను నాయిస్ ఐతే ఎప్పుడూ అదే చోటికి, అదే ఆకారంతో తిరిగి రావడానికి దానికేం పట్టింది? అంతకు ముందే, 2003లో, అదే యూనివర్సిటీ వాళ్ళు శ్వాసనాళాలు బిగుసుకునే మందు పీల్పిస్తే మచ్చలు పెరగడం చూపించారు. ఇంకో సంగతి కూడా దీంతో తేలింది. ఉబ్బసం అంటే శ్వాసనాళాలన్నీ ఒకేలా బిగుసుకుంటాయని ఒక ఊహ ఉండేది. ఇక్కడ చూస్తే కొన్ని దారులు పదే పదే మూసుకుంటున్నాయి, పక్క దారులు హాయిగా ఉన్నాయి. గొట్టంలోకి గట్టిగా ఊదించి ఒక అంకె చెప్పే స్పైరోమెట్రీకి ఈ తేడా ఎప్పటికీ తెలియదు. అది మొత్తం ఊరి కరెంటు బిల్లు చూసి ఎవరింట్లో దీపం వెలగట్లేదో చెప్పమన్నట్టు ఉంటుంది.

అప్పటికి, నా లెక్క ప్రకారం, మొదటి ప్రశ్నకి జవాబు దొరికినట్టే. బొమ్మ నిజం. ఇంక ఆస్పత్రులకి వెళ్ళడమే తరువాయి అనుకుంటాం కదా. సరిగ్గా అప్పుడే గ్యాస్ అయిపోయింది!

హీలియం-3 గాలిలోంచో, బావుల్లోంచో తీసేది కాదు. అణ్వాయుధాల్లో వాడే ట్రిటియం పన్నెండేళ్ళకోసారి సగమవుతూ హీలియం-3గా మారుతుంది. అంటే ఊపిరితిత్తుల బొమ్మ తియ్యడానికి కావలసిన వాయువు బాంబుల గోదాంలో ఉప ఉత్పత్తి అన్నమాట. ప్రచ్ఛన్నయుద్ధం ముగిశాక బాంబులు తగ్గాయి, ట్రిటియం తగ్గింది. ఇంకోవైపు 2001 సెప్టెంబరు 11 తర్వాత అమెరికా ఓడరేవుల్లో, సరిహద్దుల్లో దొంగచాటు అణుపదార్థాల్ని పట్టుకోవడానికి న్యూట్రాన్ డిటెక్టర్లు పెట్టడం మొదలెట్టారు. వాటిలో నింపేదీ హీలియం-3యే. 2001లో సుమారు 2,35,000 లీటర్లున్న అమెరికా నిల్వ 2010కి 50,000 లీటర్లకి పడిపోయింది. ఏటా కొత్తగా వచ్చేది ఎనిమిది వేల లీటర్ల చిల్లర. 2010 ఏప్రిల్లో అమెరికా కాంగ్రెస్‌లో దీని మీద విచారణ కూడా జరిగింది. ఇరవై ఏళ్ళలో ఆ నిల్వకి ఒక ప్రభుత్వ శాఖ అమ్మేది, ఇంకో శాఖ కొనేది, ఎంత మిగిలిందని లెక్క చూసినవాళ్ళు లేరు. (మన ప్రాజెక్టుల్లో సర్వర్ డిస్క్ నిండిపోయేదాకా ఎవరూ చూడరు చూడండి, అదే కథ.)

ఒక కొలత నమ్మదగ్గదేనా అంటే మనం నాయిస్, ఎర్రర్ అని ఆలోచిస్తాం. రేపు ముడిసరుకు దొరుకుతుందా అన్నది కూడా అందులో భాగమేనని ఈ రంగంలో వాళ్ళకి దెబ్బ తగిలాక తెలిసింది. పదేళ్ళు హీలియంతో పోగేసిన అనుభవాన్ని మూటగట్టి మళ్ళీ జెనాన్ దగ్గరికి రావాల్సొచ్చింది.

జెనాన్-129తో 1997లోనే వర్జీనియాలో మనుషుల బొమ్మలు తీశారు. కానీ హీలియం ముందు అది వెలవెలబోయింది. దాని కేంద్రకపు అయస్కాంతం చిన్నది, అప్పట్లో పోలరైజేషన్ కూడా తక్కువ వచ్చేది. ఎక్కువ పీల్పిద్దామంటే జెనాన్ మత్తుమందు! 1951లోనే దాంతో ఆపరేషన్లకి మత్తిచ్చారు. అందుకే మోతాదు లీటరు లోపలే, అదీ ఒక్క గుక్క. మరి లాభం? వాతావరణంలోంచి తియ్యొచ్చు. గాలిలో కోటికి ఒక వంతు కూడా ఉండదు కాబట్టి చవక కాదు, కానీ ఆక్సిజన్ ప్లాంట్లు నడిచినంతకాలం తయారవుతూనే ఉంటుంది. సహజ జెనాన్‌లో పావు వంతుకి పైగా 129 ఐసోటోపే. లేజర్లు చవకయ్యాయి, పోలరైజ్ అయిన జెనాన్‌ని ద్రవ నైట్రోజన్‌తో గడ్డకట్టించి పోగేసే పద్ధతి 1996లోనే వచ్చింది, 2010 తర్వాత నాణ్యత బాగా పెరిగింది. 1994 నాటి నేచర్ వ్యాసంలో పేరున్న బాస్టియన్ డ్రీహ్యూస్ డ్యూక్‌లో కూర్చుని దీన్ని దాదాపు జీవితాశయంగా పెట్టుకున్నాడు. మధ్యలో వ్యాపారం సంగతి ఒక ముక్కలో చెప్పేస్తాను. ప్రిన్స్‌టన్ వాళ్ళు పెట్టిన చిన్న కంపెనీని 1999లో నైకమెడ్ ఆమర్‌షమ్ కొంది, ఆమర్‌షమ్‌ని 2004లో జీఈ కొంది, జీఈకి ఇది పెద్దగా అక్కర్లేకపోయింది, చివరికి డ్రీహ్యూస్ స్థాపించిన పోలారియన్ చేతికి వచ్చింది. మూడుసార్లు కంపెనీ మారిన ప్రాజెక్టు బతికి బట్టకట్టడం మన రంగంలోనే అరుదు.

జెనాన్‌కి మారాక నమ్మకం ప్రశ్న కూడా మారింది. బొమ్మ నిజమే, సరే. దాన్ని అంకె చెయ్యడం ఎలా? ఊపిరితిత్తిలో ఎన్ని శాతం చోట గాలి ఆడట్లేదో చెప్పే అంకె ఒకటి తయారైంది. వినడానికి తేలిగ్గానే ఉంది. ఐతే ఎంత నలుపైతే నలుపు? ఒకరు మొత్తం సగటు సిగ్నల్లో 60 శాతం కన్నా తక్కువుంటే మచ్చ అన్నారు. కెనడాలో వెస్టర్న్ యూనివర్సిటీ వాళ్ళు కే-మీన్స్ క్లస్టరింగ్ వాడారు (అవును, మనం కస్టమర్లని గుంపులు చెయ్యడానికి వాడేదే). డ్యూక్ వాళ్ళు ఆరోగ్యవంతుల సిగ్నల్ పంపిణీ చూసి గీతలు గీశారు. ఒకే రోగి, ఒకే బొమ్మ, మూడు చోట్ల మూడు అంకెలు. కాయిల్ వల్ల వచ్చే ఎగుడుదిగుడుల్ని సరిచేసే అల్గారిథమ్ ఒకటి ముందు నడుస్తుంది. దాన్ని మరీ గట్టిగా నడిపితే నిజమైన మచ్చని కూడా "సరిచేసి" ఆరోగ్యంగా చూపించేస్తుంది.

ఒక్కో సెంటర్ లోపల మాత్రం రోగికి మళ్ళీ తీస్తే అంకె బాగానే నిలబడేది. అంటే ఎవరి యూనిట్ టెస్టులు వాళ్ళ దగ్గర పాసవుతున్నాయి, ఇంటిగ్రేషన్ టెస్టే లేదు. ఇది తెలుసుకుని చాలా సెంటర్లు కలిసి ఒక కన్సార్షియం పెట్టుకుని, ఎంత వాయువు, ఎలా పీల్పించాలి, ఏ పల్సులు, ఎంతసేపు అని ఉమ్మడి పద్ధతి రాసుకుని ప్రచురించింది 2021లో. మొదటి ఎలుక బొమ్మకి 27 ఏళ్ళ తర్వాత! ఆలస్యం అని తిట్టాలనిపించింది కానీ, మన టీముల్లో రెండు సర్వీసుల మధ్య తేదీ ఏ ఫార్మాట్‌లో పంపాలో తేలడానికి పట్టే టైము గుర్తొచ్చి ఊరుకున్నాను.

ఈ లోపల ఇది దేనికి పనికొస్తుందో చూపించిన వాటిలో ఒకటి సిన్సినాటి పిల్లల మీద 2017లో వచ్చింది. సిస్టిక్ ఫైబ్రోసిస్ ఉన్న పిల్లలు. ఊదించే పరీక్షలో అంకె మామూలుగానే ఉంది, జెనాన్ బొమ్మలో మాత్రం మచ్చలున్నాయి. పుట్టుకతో వచ్చే జబ్బుకి ఏళ్ళ తరబడి చూస్తూ ఉండాలి, ప్రతిసారీ సీటీ తీస్తే ఆ రేడియేషన్ అంతా పిల్లల ఖాతాలోనే పడుతుంది. జబ్బు ముదిరాక కనిపించే పరీక్షకీ, ముందే కనిపించే పరీక్షకీ మధ్య ఆ పిల్లకి పోయేది ఊపిరితిత్తి ముక్క. ముక్క పోతే తిరిగి రాదు.

ఇప్పుడు ఎఫ్‌డీఏ సంగతి. పోలారియన్ అడిగిన అనుమతిని 2021 అక్టోబరులో తిప్పి పంపారు, 2022 డిసెంబరు 23న ఇచ్చారు, 12 ఏళ్ళు దాటినవారికి. కొత్తదాన్ని నమ్మొచ్చని తేల్చడానికి దేంతో పోల్చారంటే, జెనాన్-133 అనే రేడియోధార్మిక వాయువు పీల్పించి తీసే పాత స్కాన్‌తో. ఊపిరితిత్తిలో కొంత భాగం కోసేయబోయేవాళ్ళకి, మార్పిడికి సిద్ధమయ్యేవాళ్ళకి రెండు స్కాన్లూ తీసి, రెండింటితోనూ శ్వాస లెక్క అంచనా వేశారు. రెండు అంచనాలూ ముందే గీసుకున్న హద్దు లోపల కలిశాయి. పాస్.

లెగసీ సిస్టం మైగ్రేషన్ చేసినవాళ్ళకి ఈ పరీక్షలోని తిరకాసు వెంటనే తడుతుంది. "కొత్త సిస్టం అవుట్‌పుట్ పాత సిస్టంతో అక్షరం పొల్లుపోకుండా కలవాలి" అంటాడు క్లయింటు. పాతదాంట్లో ఉన్న తప్పులతో సహా! పాత స్కాన్ మసకగా ఉంటుంది, ఊపిరితిత్తిని కొన్ని పెద్ద ముక్కలుగా చూసి లెక్క చెబుతుంది. దాంతో కలిసిందంటే కొత్తది పాతదానికి తీసిపోలేదని తేలుతుంది, అంతే. ఏ సన్నటి మచ్చల కోసం ముప్ఫై ఏళ్ళు కష్టపడ్డారో ఆ మచ్చల గురించి ఈ పోలిక ఒక్క మాటా చెప్పదు. ఎఫ్‌డీఏని తప్పుపట్టట్లేదు. పోల్చడానికి అంతకన్నా మంచి కొలబద్ద అప్పటికి ఆమోదంలో లేదు. కానీ "ఎఫ్‌డీఏ ఒప్పుకుంది కాబట్టి అన్నీ నిజమే" అని ఎవరైనా అంటే మాత్రం నేను ఒప్పుకోను.

మొదట చెప్పిన కోవిడ్ దగ్గరికి ఇప్పుడు రావచ్చు. జెనాన్‌కి హీలియంకి లేని గుణం ఒకటుంది: రక్తంలో కరుగుతుంది. గాలిలో ఉన్నప్పుడు ఒక ఫ్రీక్వెన్సీ, ఊపిరితిత్తి పల్చటి పొరలో ఉన్నప్పుడు ఇంకో ఫ్రీక్వెన్సీ, ఎర్ర రక్త కణంలోకి వెళ్ళాక మరో ఫ్రీక్వెన్సీ. అంటే గాలి ఎక్కడిదాకా వెళ్ళిందో కాదు, రక్తంలోకి దిగిందో లేదో కూడా చూడొచ్చు. 2021లో ఆక్స్‌ఫర్డ్, షెఫీల్డ్ వాళ్ళు కోవిడ్‌తో ఆస్పత్రిలో ఉండి వచ్చి మూడు నెలలైనా ఆయాసపడుతున్నవాళ్ళకి ఈ స్కాన్ తీశారు. సీటీ మామూలుగానో, దాదాపు మామూలుగానో ఉంది. జెనాన్ మాత్రం రక్తంలోకి సరిగ్గా దిగట్లేదు. వుహాన్ నుంచి కూడా అలాంటి ఫలితమే వచ్చింది. "రిపోర్టులన్నీ నార్మల్, ఊరికే టెన్షన్ పడుతున్నారు" అని ఇంటికి పంపేసిన మనుషులు ఎంతమందో మనకి తెలుసు. వాళ్ళకి ఆ బొమ్మ ఎంత పెద్ద సాక్ష్యమో ఊహించుకోండి.

అందుకే ఇక్కడ ఇంకా జాగ్రత్తగా ఉండాలంటాను. ఆక్స్‌ఫర్డ్ మొదటి అధ్యయనంలో రోగులు తొమ్మిది మంది, పోల్చడానికి ఆరోగ్యవంతులు ఐదుగురు. పైగా రక్త కణాల సిగ్నల్‌ని పొర సిగ్నల్‌తో భాగించి చెప్పే ఈ నిష్పత్తి చాలా వాటికి కదులుతుంది. వయసు పెరిగితే తగ్గుతుంది. ఊపిరితిత్తిని ఎంత నింపారో దాన్ని బట్టి మారుతుంది. పల్సుల మధ్య ఎడం మారిస్తే మారుతుంది. రక్తహీనత ఉన్నా తగ్గుతుంది, ఎందుకంటే ఎర్ర కణాలే తక్కువున్నాయి కదా, జెనాన్ దిగడానికి చోటేది? రక్తహీనత ఇంటింటా ఉన్న మన దగ్గర ఈ స్కాన్‌ని తెచ్చి, పక్కన హిమోగ్లోబిన్ చూడకుండా అంకె చదివితే బాగున్న ఊపిరితిత్తికి లేని జబ్బు అంటగట్టినట్టే.

2022 నాటి ఎఫ్‌డీఏ అనుమతి కూడా గాలి ఎక్కడిదాకా చేరిందో చూడటానికి మాత్రమే ఇచ్చారు. రక్తంలోకి దిగే సంగతి, అంటే కోవిడ్ వాళ్ళ ఆయాసానికి జవాబు చెప్పగల సంగతి, అందులో లేదు. దానికి పోల్చి చూసుకోవడానికి జెనాన్-133 లాంటి పాత స్కాన్ కూడా లేదు.